అంచు కుట్టని పీలికలు

జనరల్ అమ్నుయ్ గారి ఎడమ భుజం కుడి భుజం కంటే అర అంగుళం కిందికి ఉంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురే. ఒకరు ఆయన, ఇంకొకరు ఆయన భార్య, మూడో మనిషి బ్యాంకాక్‌లో సంసేన్ కాలువ గట్టున మిలిటరీ బట్టలు కుట్టే లమై. ఆయన కోటు ఎడమ భుజంలో లమై ఒక దూది మెత్త పెట్టి కుడుతుంది. బయటికి ఆవగింజంత కూడా కనిపించదు. అందుకే పరేడ్‌లో ఆయన్ని చూసినవాళ్ళంతా మనిషి కొలబద్దలా నిలబడతాడని మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకోవలసింది లమై సూదినని వాళ్ళకేం తెలుసు?

లమై పద్నాలుగో ఏట ముసలి హెంగ్ దగ్గర పనికి చేరింది. అప్పటికి తల్లి పోయి మూడు నెలలు. చంకలో రెండేళ్ళ తమ్ముడు. వాడి అసలు పేరు తవిన్, కానీ పుట్టినప్పుడు పెద్ద నోరేసుకుని ఉన్నాడని అమ్మ 'కప్ప' అంది, ఆ పేరే నిలిచిపోయింది. కుట్టుమిషను కింద గుడ్డముక్కల మీద వాణ్ణి పడుకోబెట్టి లమై పని నేర్చుకుంది. పెళ్ళి సంబంధాలు రెండు వచ్చాయి. రెండు చోట్లా "తమ్ముణ్ణి ఎవరికైనా అప్పగించి రా" అన్నారు. "తమరే వెళ్ళి రండి" అంది లమై. ముసలి హెంగ్ పోయాక దుకాణం ఆమెదే అయింది. ఎదురుగా ఇరవై అడుగుల సందు, ఆ సందు దాటితే అమ్నుయ్ గారి బారక్స్ వెనకగేటు. ఏ ఆఫీసరు భుజం మీద రేపు నక్షత్రం పెరుగుతుందో లమైకి ఇవాళే తెలిసిపోయేది. అయినా నోరు మెదిపేది కాదు. ఆ నోటి భద్రతకే సగం గిరాకీ.

ఆ ఏడు ఏప్రిల్‌లో కప్పకు ఇరవై ఒకటి నిండాయి. అందరు కుర్రాళ్ళలాగే జిల్లా కచేరీకి వెళ్ళి డబ్బాలో చెయ్యి పెట్టాడు. నల్లచీటీ వస్తే ఇంటికి, ఎర్రచీటీ వస్తే సైన్యానికి. వాడికి ఎరుపు వచ్చింది. లమై జీవితంలో మొదటిసారి జనరల్ గారిని ఒక కోరిక కోరింది. కోటు కొలతలు తీసుకుంటూ, మోకాళ్ళ మీద కూర్చుని, తమ్ముణ్ణి ఎలాగైనా తప్పించమంది.

ఆయన అద్దంలో తన మొహం చూసుకుంటూ నవ్వాడు. "రెండేళ్ళు తుపాకీ మోస్తే కుర్రాడు మగాడవుతాడు లమై. దేశానికి మనం చేసేది ఆ మాత్రం లేకపోతే ఎలా?"

ఆయన సొంత కొడుకు అప్పటికి మూడేళ్ళుగా విదేశంలో హోటళ్ళ చదువు చదువుతున్నాడు. ఆ రోజు నుంచి ఆ భుజంలో దూది పెట్టేటప్పుడల్లా లమైకి అద్దంలోని ఆ నవ్వే గుర్తొచ్చేది. కప్పను మాత్రం దూరం పంపలేదు. కాలువ వెంట పదినిమిషాలు నడిస్తే వచ్చే రేడియో స్టేషన్ గేటు దగ్గర కాపలా వేశారు. ఆ పటాలానికీ అమ్నుయ్ గారి పటాలానికీ పొత్తు లేదు. వాళ్ళు ప్రధానమంత్రి మనుషులు, వీళ్ళు ఈయన మనుషులు.

అక్టోబరులో ఒక సోమవారం ఉదయం జనరల్ గారి అనుచరుడు కెప్టెన్ నరేత్ రెండు తానులు లేతనీలం గుడ్డ దింపించాడు. సన్నగా, చురుగ్గా ఉండే కుర్రాడు. అమెరికాలో ట్రైనింగ్ అయి వచ్చాడు. ఇక్కడి మనుషుల నమ్మకాల మాటెత్తితే పెదవి విరిచేవాడు.

"అక్కా, పన్నెండు వందల పీలికలు కావాలి. రెండంగుళాల వెడల్పు, చేతికి ముడేసుకునేంత పొడవు. గురువారం సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. పటాలానికి ఆటలపోటీలు."

"అంచు మడిచి కుట్టమంటారా?"

"అక్కర్లేదు. ఒక్క రోజుకేగా."

అతను వెళ్ళాక లమై కత్తెర పక్కన పెట్టి కూర్చుండిపోయింది. ఆటలపోటీల పట్టీలకు అంచు కుట్టకపోతే రెండో ఆటకే పోగులు వేలాడతాయి. అంచు కుట్టని పీలికలు ఆమె ఇదివరకు ఒక్కసారే చూసింది, ముసలి హెంగ్ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో. ఆ రోజు ముసలాయన ఆమె చెవిలో, "పిల్లా, వెళ్ళి వారానికి సరిపడా బియ్యం కొనుక్కురా, ఎందుకని అడగొద్దు," అన్నాడు. మూడో రోజుకల్లా వీధుల్లో ట్యాంకులు, గద్దె మీద కొత్త మనిషి. అందరివీ ఒకే రకం బట్టలు, ఒకే రకం తుపాకులు అయినప్పుడు ఎవడు మనవాడో ఎవడు పగవాడో చేతికి కట్టిన పీలికే చెప్పాలి. గుడ్డ రంగు చూడగానే రోజు కూడా తెలిసిపోయింది. ఇక్కడ వారంలో ఒక్కో రోజుకు ఒక్కో రంగు. సోమవారం పసుపు, మంగళవారం గులాబీ, ఇలా లెక్కపెట్టుకుంటూ పోతే లేతనీలం శుక్రవారానిది. ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన లెక్క అది.

ఆమెకు ఇంకొకటి కూడా తెలుసు. జనరల్ గారి ప్రతి కోటుకూ లోపలి లైనింగు ఎర్రగుడ్డే వెయ్యాలి, ఎందుకంటే ఆయన ఆదివారం నాడు పుట్టాడు. ఆదివారం పుట్టినవాడికి అస్సలు గిట్టని రంగు లేతనీలం. ఆ రంగు ఒంటి మీద పడితే పట్టిందల్లా బూడిదవుతుందంటారు. కెప్టెన్ నరేత్ క్యాలెండర్ చూసి శుక్రవారం రంగు కొన్నాడే గానీ, తన దొర ఏ రోజు పుట్టాడో ఆలోచించలేదు. ఇంకో దర్జీ అయితే ఉన్నపళంగా పరుగెత్తుకెళ్ళి "బాబూ, ఈ రంగొద్దు" అని చెప్పేది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను లమై మింగేసింది. 'కట్టుకోనీ. నా తమ్ముణ్ణి మగాణ్ణి చేస్తానన్నాడుగా, ఈయన అదృష్టం ఎంతో ఈ రంగే చూపిస్తుంది,' అనుకుంది. అందులో ఆమెకు చెప్పలేనంత తృప్తి కలిగింది.

గుడ్డ కొసన కత్తెరతో గంటు పెట్టడం, రెండు చేతులా పట్టుకుని చర్రుమని చింపడం. మూడు రోజులు అదే చప్పుడు. చింపుతుంటే చింపుతుంటే ఆ తృప్తి కరిగిపోయి భయం పట్టుకుంది. గద్దె పట్టేవాడు ముందు పట్టేది రేడియో స్టేషనే. అక్కడ గేటు దగ్గర నిలబడేది కప్పే. చేతికి నీలం పీలిక లేనివాణ్ణి వీళ్ళు పగవాడనుకుని కాల్చేస్తారు. అంతకంటే వేరే ఆలోచన రాలేదు ఆమెకు. కెప్టెన్ కొలిచి ఇచ్చిన గుడ్డలో కొసరు లేదు కాబట్టి పన్నెండో కట్టలోంచి ఒక పీలిక లాగి రవికలో దాచుకుంది. వందలో ఒకటి తగ్గితే ఎవడు లెక్కపెట్టొచ్చాడు?

గురువారం మధ్యాహ్నం టిఫిన్ గిన్నెలో అన్నం, వేయించిన చేప, రొయ్యల పచ్చడి సర్దుకుని రేడియో స్టేషన్‌కి వెళ్ళింది. గేటు పక్క టీకొట్టు బెంచీ మీద కప్ప, వాడితో పాటు కాపలా కాసే సనన్ కూర్చుని ఉన్నారు. సనన్ ఈశాన్య జిల్లాల పల్లెటూరి కుర్రాడు. బక్కగా ఉంటాడు గానీ ఇద్దరి తిండి తింటాడు.

"అక్కొచ్చింది! కప్పా, నీ చేప నాది, నీ అన్నం కూడా నాదే. నువ్వు టీ తాగి పడుకో."

"మీ అమ్మ నిన్ను కన్నదా, కొట్టంలో ఎవరైనా వదిలేసిపోయారా?" అంది లమై.

"మా అమ్మ ఇంతకంటే ఎక్కువ తింటుంది అక్కా. మా ఊరు రా, చూపిస్తా."

"సరే గానీ, చెయ్యి కడుక్కురా ముందు. ఒరేయ్ కప్పా, నీ చొక్కా బొత్తాం ఊడేటట్టుంది, ఇలా తీసియ్యి."

సనన్ కుళాయి దగ్గరికి వెళ్ళగానే లమై కొట్టు వెనక్కి తిరిగి చొక్కా ఒళ్ళో వేసుకుంది. పీలికను నాలుగు మడతలు పెట్టి చొక్కా కింది మడత లోపల దూర్చి, లాగితే ఊడిపోయేటట్టు మూడంటే మూడు వదులు కుట్లు వేసింది. వేస్తూనే చెప్పాల్సింది గొంతు తగ్గించి చెప్పింది.

కప్ప మొహం తెల్లబడింది. "రేపా? ఎవరు? అమ్నుయ్ గారా?"

"ఎవరైతే నీకెందుకు? చేతికి ఈ రంగు కట్టుకున్నవాళ్ళు వస్తే, ఇది లాగి కట్టుకో. తుపాకీ కింద పెట్టెయ్. అంతే."

"ఇది తెలిసీ నేను సార్జెంట్‌కి చెప్పకపోతే ఎలా అక్కా? నేను కాపలావాణ్ణి."

"చెప్పు. ఇప్పుడే వెళ్ళి చెప్పు. ఎవరు చెప్పారని అడుగుతారు. సాయంత్రానికి నన్ను పట్టుకుపోతారు. ఎల్లుండి వచ్చి నా చితికి నిప్పు పెట్టు."

వాడు దవడలు బిగించి నేల చూశాడు. లమై చెయ్యి వాడి మెడ మీద వేసింది. "గుడిగోడలో ఉన్న అమ్మ అస్థికల మీద ఒట్టెయ్యరా. నిన్ను నేను గుడ్డముక్కల మీద పడుకోబెట్టి పెంచాను. ఎవడి గద్దె కోసమో చావడానికి కాదు."

"సరే," అన్నాడు వాడు. ఒట్టు మాత్రం వెయ్యలేదు.

అప్పటికే సనన్ తడిచేతులు దులుపుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు. మడతలోంచి వేలెడు నీలం కనిపిస్తూనే ఉంది. "అదేంటక్కా, నా రంగు! నేను శుక్రవారం పుట్టాను తెలుసా? నాకూ ఒకటి కుట్టకూడదూ?"

"నోరు మూసుకుని అన్నం తిను," అని కసిరి లమై దారం కొరికేసింది. ఆమె తెచ్చింది ఒక్కటే. ఇంకొకటి తేవాలని తోచనే లేదు. ఆ మాట తర్వాత ఎన్ని వందల సార్లు తలుచుకుందో ఆమెకే తెలియదు.

శుక్రవారం పొద్దున్న ఏడున్నరకు దుకాణం తలుపు దడదడలాడింది. కెప్టెన్ నరేత్, వెనక ఇద్దరు సిపాయిలు, వాళ్ళ భుజాల మీద గులాబీరంగు తానులు. కెప్టెన్ మొహం మాడిపోయి ఉంది.

"మళ్ళీ చింపాలి అక్కా. పన్నెండు వందలూ. పన్నెండింటికల్లా."

"గులాబీయా?"

"గులాబీయే!" అతని గొంతులో ఏడుపొకటే తక్కువ. "దొరగారింట్లో అమ్మగారు పొద్దున్నే కట్టలు విప్పి చూసి కేకలు పెట్టారు. నీలం ఆయనకు పనికిరాదట. ఆదివారం పుట్టినవాళ్ళకు అధికారం ఇచ్చేది గులాబీయట. ఇన్నాళ్ళు తుపాకీ పట్టడం నేర్చుకుని వచ్చింది ఆడపిల్లల రిబ్బన్లు కట్టించడానికా నేను? చింపు, చింపు."

లమై చేతులు కత్తెర కోసం వెతికాయి, దొరకలేదు. కత్తెర ఎదురుగానే ఉంది. సోమవారం ఒక్కమాట అని ఉంటే, ఆ రోజే గులాబీ వచ్చేది. తమ్ముడి చొక్కాలో గులాబీయే ఉండేది.

"ఆ నీలంవి ఏం చేశారు బాబూ?"

"పెరట్లో పోసి తగలబెట్టాం. ఒక్క పోగు కూడా మిగలకూడదని అమ్మగారి ఆజ్ఞ. లెక్కపెట్టి మరీ." అతను కత్తెరను ఆమె ముందుకు తోశాడు. "పన్నెండో కట్టలో తొంభై తొమ్మిదే ఉన్నాయి."

"ఒకదానికి మిషను నూనె అంటింది. కాలువలో పారేశాను."

కెప్టెన్ ఆమె కళ్ళలోకి చూశాడు. లమై కళ్ళు దించలేదు, దించితే ప్రాణం పోతుందని తెలుసు. కిటికీ అవతల కాలువలో కూరగాయల పడవ ఒకటి చప్పుడు చేసుకుంటూ వెళ్ళింది.

"కాలువలోనే ఉంటే మంచిదే," అన్నాడతను చివరికి. "మావాళ్ళెవరి చేతికీ నీలం ఉండదు. బయట ఎవడైనా నీలం కట్టుకుని కనిపించాడంటే, సంగతి ముందే తెలిసిపోయిన దొంగన్నమాట. అలాంటివాణ్ణి నోరు తెరవనివ్వొద్దని అందరికీ చెప్పాను. పని అయినా కాకపోయినా ఎక్కడికీ కదలకు. తలుపు దగ్గర మావాడు ఉంటాడు."

చింపడం మొదలైంది. సిపాయిలిద్దరూ కూడా కూర్చుని చింపారు. పగవాడిగా నిలబడి ఉంటే కప్ప బహుశా చేతులెత్తి బతికేవాడు. తాను వెళ్ళి వాడి చొక్కాలో మృత్యువును మడతపెట్టి కుట్టి వచ్చింది, అదీ లాగగానే ఊడొచ్చేటట్టు. ఎనిమిదైంది, తొమ్మిదైంది, పదైంది. మూడుసార్లు పెరటివైపు వెళ్ళబోయింది, మూడుసార్లూ తలుపు దగ్గరి సిపాయి "ఎక్కడికమ్మా?" అన్నాడు.

పదకొండున్నరకు జనరల్ అమ్నుయ్ స్వయంగా వచ్చాడు. సందు దాటి రావడమే కాబట్టి ఎవరికీ వింత కాదు. ఆయన కోటు తొడిగించుకునేటప్పుడు తెర వెనక్కి ఎవరూ రాకూడదు, అది ఎప్పటి నుంచో ఉన్న రివాజు. మధ్యాహ్నం టీవీలో కనిపించడానికి కొత్త యూనిఫాం సిద్ధం చేయించాడు. భుజం మెత్త ఒంటి మీద చూసి సర్దాలి. ఆయన అద్దం ముందు నిలబడ్డాడు. లమై నోట్లో గుండుసూదులు పెట్టుకుని వెనక చేరింది.

"అయ్యగారూ."

"సూదులు నోట్లో ఉంచుకుని మాట్లాడకు, మింగేస్తావు."

ఆమె సూదులన్నీ అరచేతిలోకి ఉమ్మేసింది. తర్వాత చెప్పేసింది. పీలిక దాచింది, తమ్ముడి చొక్కాలో కుట్టింది, అది నీలం, వాడు ఇప్పుడు రేడియో స్టేషన్ గేటు దగ్గర ఉన్నాడు. చెబుతున్నంతసేపూ ఆమె ఆయన వీపుతోనే మాట్లాడింది. మొహం చూసే ధైర్యం లేదు. ఆయన అద్దంలోంచి ఆమెను చూస్తూనే ఉన్నాడు.

"ఎప్పుడు తెలుసు నీకు, శుక్రవారమని?"

"సోమవారమే. గుడ్డ చూడగానే."

"నీలం నాకు గిట్టదనీ అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాలనిపించలేదు."

ఆయన భుజాలు ఒక్కసారి కదిలాయి. నవ్వాడో, నిట్టూర్చాడో ఆమెకు అర్థం కాలేదు. బల్ల మీద నుంచి ఒక గులాబీ పీలిక తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది తీసుకెళ్ళి వాడికి కట్టు. మా ముహూర్తం ఒంటిగంటా తొమ్మిది నిమిషాలకు. ఒంటిగంటా తొమ్మిది దాటాక నిన్ను వదలమని చెప్తాను."

"ఇప్పుడే పంపండి అయ్యగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను. కాలువగట్టు వెంట పదినిమిషాలు. ఒంటిగంటా తొమ్మిదికి మీవాళ్ళు గేటు దగ్గర ఉంటారు."

"ఇప్పుడు పంపితే నువ్వు కాపాడేది మీ తమ్ముడొక్కణ్ణే కాదు. ఆ గేటు దగ్గరున్నవాళ్ళందరూ తుపాకులు ఎక్కుపెట్టి కూర్చుంటారు. నావాళ్ళు నలభైమంది చస్తారు. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు." ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "ఇంకోళ్ళయితే నిన్ను ఇక్కడి నుంచే జైలుకు పంపేవాళ్ళు. భుజం సర్దు."

లమై మెత్త సర్దింది. దేశాన్ని పట్టుకోబోతున్న మనిషి మెడ ఆమె సూదికి జానెడు దూరంలో ఉంది. ఆ ఆలోచన ఆమెకు రాలేదంటే అబద్ధమే. కుట్టు మాత్రం వంకర పోలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు. భుజాలు రెండూ సమానమయ్యాయి, ఆయన తృప్తిగా తల ఊపి వెళ్ళిపోయాడు.

పన్నెండుకు పీలికలు వెళ్ళాయి. పన్నెండూ యాభైకి ఎదుటి బారక్స్‌లో లారీలు ఒక్కొక్కటే రంకెవేస్తూ కదిలాయి. తలుపు దగ్గరి సిపాయి చేతికి కూడా గులాబీ పీలిక. వాడు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు, లమై వాణ్ణి చూస్తూ నిలబడింది.

"ఇంకా ఎంతరా నాయనా?"

"నాలుగు నిమిషాలు అమ్మా."

"ఇంకా?"

"మూడు. నన్నడిగి ఏం లాభం, ఇదేమన్నా నా మాట వింటుందా?"

వాడు పక్కకు తప్పుకోగానే ఆమె పరుగందుకుంది. కాలువగట్టు మీద మధ్యాహ్నపు ఎండ మండిపోతోంది. నూడుల్స్ పడవవాడు ఎవరికో గిన్నె అందిస్తున్నాడు, ఇంకా ఎవరికీ ఏమీ తెలియదు. ఒక చెప్పు తెగితే రెండోదీ విదిలించేసింది. గుప్పిట్లో గులాబీ పీలిక తడిసిపోయింది. వంతెన దాటుతుండగా తుపాకీ మోతలు వినిపించాయి, మూడు. ఒకటి, వెంటనే రెండు. ఆ తర్వాత ఏమీ లేదు. ఆమె ఆగలేదు.

గేటు దగ్గర లారీలు అడ్డంగా ఉన్నాయి. గోడ పక్కన కాపలావాళ్ళు వరుసగా మోకాళ్ళ మీద, చేతులు తల వెనక్కి. మూడోవాడు కప్ప. బతికే ఉన్నాడు. లమై వాడి మీద పడిపోయి మొహమంతా తడుముతూ, చేతికి పీలిక కట్టబోయింది. ముడి పడటం లేదు. అప్పుడే వాడు ఎటు చూస్తున్నాడో గమనించింది.

టీకొట్టు బెంచీ పక్కన సనన్ వెల్లకిలా పడి ఉన్నాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బెంచీ మీద ఆనుకుని ఉంది. దానికి చక్కగా ముడివేసిన లేతనీలం పీలిక.

"నాకు కట్టుకోబుద్ధి కాలేదక్కా," అన్నాడు కప్ప. వాడి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "సిగ్గేసింది. నువ్వు చెప్పిందంతా వాడికి చెప్పేశాను. అయితే నాకిచ్చెయ్, శుక్రవారం పుట్టినవాణ్ణి, నాకు కలిసొస్తుంది అన్నాడు. లారీలు రాగానే నవ్వుతూ చెయ్యెత్తి చూపించాడక్కా. 'మీవాణ్ణే' అన్నాడు."

మూడింటికి జనరల్ అమ్నుయ్ టీవీలో కనిపించి దేశాన్ని తన చేతుల్లోకి తీసుకున్నట్టు చదివాడు. భుజాలు రెండూ గీత గీసినట్టు ఉన్నాయి. మర్నాడు పత్రికలన్నీ ఒక్క రక్తపు చుక్క చిందకుండా అధికారం మారిందని రాశాయి. సనన్ తుపాకీ తుడుచుకుంటుండగా పేలిందని వాళ్ళ ఊరికి ఉత్తరం వెళ్ళింది.

ఆరేళ్ళు ఆయన ఏలాడు. ఆరేళ్ళూ లమై ఆ భుజంలో దూది పెడుతూనే ఉంది. పెట్టనని అనడానికి ఆమెకు వెయ్యి కారణాలున్నాయి, కప్ప అనే ఒక్క కారణం ముందు అవేవీ నిలబడలేదు. ఆ శుక్రవారం మాట ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. కప్ప రెండేళ్ళు ముగించుకుని వచ్చి దుకాణంలోనే కూర్చున్నాడు. మాట తగ్గిపోయింది. చేప ముట్టడం మానేశాడు. తర్వాత ఇంకో జనరల్ వచ్చి ఈయన్ని పంపించేశాడు. అప్పుడు పీలికలు ఏ రంగువో, ఎవరు చింపారో లమై అడగలేదు.

ఆ మరుసటి ఏడు వానలు వెలిశాక, ఒక మధ్యాహ్నం, ఒక ముసలావిడ చేతిసంచితో దుకాణం మెట్లెక్కింది. నల్లగా, గట్టిగా ఉంది, ఈశాన్యపు యాస. "తవిన్ అనే అబ్బాయి ఇక్కడేనా తల్లీ? మా సనన్‌తో కలిసి కాపలా కాశాడట. నా పేరు కమ్‌పున్."

మిషను మీద ఉన్న కప్ప లేచి, చేతులు జోడించి, పెరట్లోకి వెళ్ళిపోయాడు. లమై ముసలావిడను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆవిడ సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి ఒళ్ళో విప్పింది. అందులో ఆ పీలికే ఉంది. రంగు వెలిసి బూడిదలా అయింది, రెండంచుల నుంచీ పోగులు ఊడి సగానికి సన్నబడింది.

"వాణ్ణి తెచ్చి అప్పగించినప్పుడు చేతికి ఇది ఉంది. వాడి పుట్టినరోజు రంగు. ఎవరో పుణ్యాత్మురాలు కట్టి ఉంటుంది అనుకుంటూ ఉంటాను. దిక్కులేకుండా పోలేదు నా బిడ్డ, వాడి రంగు వాడి ఒంటి మీద ఉండగా పోయాడు. ఏటా వాడి పేరున గుళ్ళో అన్నం పెట్టేటప్పుడు దీన్ని పక్కన పెట్టుకుంటాను. ఇదిగో, పోగులై పోతోంది తల్లీ. నువ్వు మంచి పనిమంతురాలివట. కాస్త అంచు కుట్టి పెడతావా? ఎంతైనా ఇస్తాను."

లమై ఆ పీలికను చేతిలోకి తీసుకుంది. కొసన తన కత్తెర గంటు ఇంకా తెలుస్తోంది. తీసుకుని, కుట్టి, డబ్బులొద్దని పంపించేస్తే సరిపోతుంది. ముసలావిడ దీవిస్తూ వెళ్ళిపోతుంది. ఏ బాధా ఉండదు ఆవిడకు. కానీ అదే నోరు ఒక సోమవారం నాడు ఒక మాట మింగింది. మింగిన మాట ఎక్కడ తేలిందో లమైకి తెలుసు.

"పెద్దమ్మా," అంది, ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంటూ. "దీన్ని చింపింది నేనే. మా తమ్ముడి కోసం దొంగిలించి తీసుకెళ్ళింది నేనే. మీవాణ్ణి కాల్చింది దీన్ని చూసే."

మొదటి నుంచి చివరిదాకా అంతా చెప్పింది. నీలం, గులాబీ, సోమవారం, ఒంటిగంటా తొమ్మిది. ఒక్కటే పీలిక తెచ్చిన సంగతి కూడా చెప్పింది. అంతా అయ్యాక కమ్‌పున్ ఒళ్ళోని కాగితాన్ని మడిచింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ మడిచింది. పెరట్లో కప్ప ఏడుపు వినిపిస్తోంది. లమై తల ఎత్తలేదు. కొడుతుందేమోనని ఎదురు చూసింది, తిడితే బాగుండుననుకుంది.

కమ్‌పున్ వంగి, పీలికను లమై చేతుల్లోంచి తీసుకుంది. గుండెకు ఆనించుకుంది. తర్వాత మళ్ళీ లమై ఒళ్ళో పెట్టింది.

"అయితే అంచు కూడా నువ్వే కుట్టు," అంది. "నేనిక్కడే కూర్చుంటాను."

లమై సూదిలోకి దారం ఎక్కించడానికి ప్రయత్నించింది. నాలుగోసారికి ఎక్కింది.